బావిలో నేర్పాను, కాలువలో నేర్చుకున్నాను

సముద్రం పక్కన పుట్టి పెరిగినదాన్ని, నీళ్లలో దిగడం నేర్పడానికి సూర్యాపేట వైపు వెళ్తున్నానంటే మా అమ్మ నమ్మలేదు. "అక్కడ నీళ్లెక్కడివే?" అంది. నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనుమానం. మాది భీమిలి దగ్గర జాలరుల ఊరు. పన్నెండేళ్లుగా విశాఖలో పర్యాటకులకు స్కూబా డైవింగ్ నేర్పి బతుకుతున్నాను. వీపున గాలి సిలిండర్, నోట్లో గొట్టం, కళ్లకు అద్దం పెట్టించి సముద్రంలోకి దింపి, చేపల్ని చూపించి, క్షేమంగా ఒడ్డుకు చేర్చడం నా పని.

పోయిన చలికాలంలో అలా దింపినవాళ్లలో నాగేశు ఒకడు. సూర్యాపేటలో ఆటో నడుపుతాడు. ముప్పై ఏళ్లుంటాయి. అందరూ పైకి రాగానే ఫొటో ఎలా వచ్చిందని అడుగుతారు. ఇతను మాత్రం సిలిండర్ కేసి చూస్తూ, "ఇది మా కాడ ఉంటే ఎంత మంచిగుంటుండె మేడం" అన్నాడు. వాళ్ల వైపు సాగర్ ఎడమ కాలువ పారుతుంది. అందులో జారిపడ్డవాళ్లనీ, బండితో సహా మునిగినవాళ్లనీ వెతికి తీసే ఈతగాళ్లు ఆరుగురున్నారు. వాళ్లలో ఇతనూ ఒకడు. వాళ్లకున్న సాధనమల్లా గుండెలో పట్టినంత ఊపిరి.

ఏడాది తిరక్కుండానే ఫోను చేశాడు. ఊళ్లవాళ్లు చందాలు వేసుకుని రెండు పాత సిలిండర్లు, గాలి నింపే యంత్రం ఎక్కడినుంచో తెప్పించారట. "సామాన్ వచ్చింది. నేర్పెటోళ్లు లేరు. నాలుగు రోజులు వస్తరా?" నవంబరంటే మాకు పని బాగా ఉండే రోజులు. అయినా వెళ్లాను. వెళ్లినందుకు ఇప్పటికీ నన్ను నేనే మెచ్చుకుంటున్నాను.

కోదాడ: గ్యాస్ బండ కాదండీ

విజయవాడ దాకా రైలు, అక్కడినుంచి బస్సు. కోదాడలో దిగి ఇడ్లీ తిన్నాను. ప్లేటు ముప్పై రూపాయలు. నాలుగు ఇడ్లీలు, మీద కారప్పొడి, నెయ్యి, పక్కన రెండు చట్నీలు. మా బీచ్ రోడ్డులో ఆ డబ్బుకి చట్నీ గిన్నె వాసన చూపించి పంపేస్తారు. హోటలు నడిపే ఆవిడ మాట సగం మా వైపుది, సగం అటు వైపుది. "ఎక్కడినుంచి వస్తున్నారమ్మా? ఇంకో రెండు వెయ్యాల్నా?" అంటూ, అడక్కుండానే వేసింది. వాటికి డబ్బు తీసుకోలేదు.

గొడవంతా సూర్యాపేట బస్సు దగ్గర. పాత సిలిండర్ల మీద నమ్మకం లేక నాది ఒకటి వెంట తెచ్చుకున్నాను. కండక్టర్ దాన్ని చూసి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"గ్యాస్ బండ బస్సుల ఎక్కనియ్యం మేడం."

"గ్యాస్ కాదండీ, గాలి. అదీ ఖాళీ."

"ఖాళీ గాలికి గింత బరువు ఎందుకుంటది?"

మూత తిప్పి చూపించాను. అడుగున మిగిలిన కాస్త గాలి బుస్సుమంది. ముందు సీటులో ఉన్న పెద్దాయన ముక్కు దగ్గర పెట్టి వాసన చూసి, "ఏం వాసన లేదు, ఎక్కనియ్యి పాపం, ఆడపిల్ల" అని తీర్పు చెప్పాడు. అంతే, బస్సు కదిలింది. దారి పొడుగునా ఆ పెద్దాయన సిలిండర్ దొర్లకుండా తన కాలు అడ్డం పెట్టి కూర్చున్నాడు. పేరు అడగడం మరిచిపోయాను. మొక్కుబడి మాట కాదు, ఆయనకు నిజంగానే రుణపడి ఉన్నాను.

సూర్యాపేటలో దిగేసరికి నాగేశు ఆటోతో సిద్ధంగా ఉన్నాడు. బస్టాండు పక్కన వేడివేడి మక్క గారెలు ఇప్పించాడు. మొక్కజొన్న రుబ్బి, పచ్చిమిర్చి దట్టించి వేసినవి. మేం మినప్పప్పుతో తప్ప గారె ఉండదనుకునే జనం. ఆరు తిన్నాను.

పెన్‌పహాడ్: బావి గోడ

మర్నాడు పొద్దున్నే పెన్‌పహాడ్ దగ్గర ఒక వ్యవసాయ బావికి తీసుకెళ్లారు. వానలు బాగా పడ్డ ఏడాది కావడంతో బావి పైమెట్ల దాకా నిండింది. చుట్టూ రాతి గోడ నిలువుగా దిగిపోతోంది. లోతెంత అంటే, "నాలుగు నిలువులు" అన్నారు. అంటే నలుగురు మనుషులు ఒకరి మీద ఒకరు నిలబడినంత. నేను అద్దం పెట్టుకుని తల ముంచి చూశాను. ఆకుపచ్చని నీళ్లలో రాళ్ల వరసలు కనబడినంత మేర కిందికి వెళ్తున్నాయి. అండమాన్లో ఇలాంటి నిలువు గోడల పక్కన ఎన్నోసార్లు దిగాను. డైవర్లు వాటి కోసం విమానాలెక్కి వెళ్తారు. ఇక్కడ అదే గోడ పక్కన మోటారు పెట్టుకుని వరి పండించుకుంటున్నారు.

దిగబోతుంటే ఒక ముసలి గొంతు, "ఆగు బిడ్డా" అంది. నల్లగా, బక్కగా, నెరిసిన మీసంతో ఒకాయన పెద్ద రాయి తెచ్చి బావిలో ధబ్బున వేశాడు. రెండు చేతులూ గట్టిగా చరిచాడు. గోడ సందుల్లోంచి సన్నటి పాము ఒకటి వంకర్లు తిరుగుతూ అవతలికి పోయింది. "నీళ్ల పాములు. ఏమనయ్. మనం వస్తున్నమని సెప్పాలె, గంతే." మా ఇంట్లో పడవ దించే ముందు సముద్రానికి కర్పూరం వెలిగిస్తారు. ఇక్కడ ముందుగా కబురు పెడతారు. రెండూ మర్యాదే.

ఆయనే యేసోబు. ఆరుగురిలో పెద్దవాడు. అరవైకి దగ్గర పడ్డాడు. నేరేడుచర్ల దగ్గర వ్యవసాయ కూలీ. ముప్పై ఏళ్లుగా కాలువలోంచి మనుషుల్ని తీస్తున్నాడు. నేను "యేసోబు గారూ" అంటే మిగతావాళ్లు పకపకా నవ్వారు. "గారు గీరు ఏంది బిడ్డా, యేసోబు మామ అను" అన్నాడు. అలాగే అన్నాను.

"ఈ వయసులో మీకిది ఎందుకు మామా?" అని అడిగాను.

"దమ్ము తగ్గింది. ఇదివరకు గంపెడు దమ్ము ఉంటుండె. ఇప్పుడు గిట్ల మునుగుతనే పైకి గుంజుతది. కాలువ నాకు తెలిసినట్టు ఈళ్లకు తెల్వదు. నేను బయట కూసుంటే ఎట్ల?"

అంతకంటే మంచి కారణం ఏం కావాలి? మొదటి పాఠం మొదలుపెట్టాను. స్కూబాలో అన్నిటికన్నా పెద్ద నియమం ఒకటే: ఊపిరి పట్టకూడదు. లోతులో సిలిండర్ నుంచి పీల్చే గాలి అక్కడి నీటి బరువుకు సరిపడా చిక్కగా ఉంటుంది. పైకి వచ్చేకొద్దీ అది నూనెలో పూరీలా పొంగుతుంది. వదులుతూ వస్తే ఏం కాదు. నోరు బిగించి వస్తే ఊపిరితిత్తులు చిరుగుతాయి. ప్రాణం పోవచ్చు. ఒక నిలువు లోతు చాలు అందుకు.

మా దగ్గర పర్యాటకులకు ఈ పాఠం పది నిమిషాలు. వాళ్లకు ఈతే రాదు కనుక మరిచిపోవలసింది ఏమీ ఉండదు. ఇక్కడ కథ వేరు. ఈ ఊళ్లలో ఈత నేర్చుకోవడమంటే వీపుకి నూనె డబ్బా కట్టి గోడ మీదినుంచి బావిలోకి తోసెయ్యడం. పూర్వం ఎండు సొరకాయ బుర్రలు కట్టేవారట. ఆ తర్వాత పరీక్ష ఉంటుంది: అడుగుదాకా మునిగి గుప్పెడు మట్టి తేవాలి. తెచ్చినవాడే ఈతగాడు. తేలేనివాణ్ణి పెళ్లయ్యేదాకా ఎగతాళి చేస్తారు. ఊపిరి పట్టడమే ఇక్కడ మగతనం, పనితనం, పరువు.

నాగేశూ, మిగతా నలుగురూ మధ్యాహ్నానికి దారిలో పడ్డారు. యేసోబు మామ మాత్రం కింద చక్కగా గాలి పీల్చేవాడు. పైకి రమ్మని సైగ చెయ్యగానే ఛాతీ నిండా పీల్చి, బుగ్గలు బిగించి, బాణంలా లేచేవాడు. మొదటిసారి కాలు పట్టుకుని ఆపాను. రెండోసారి నడుం పట్టుకుని ఆపాను. మూడోసారి గుద్దాను. ఐదోసారి కూడా ఆయన అలాగే లేచాడు. పైకి వచ్చాక అన్నీ ఒప్పచెప్పేవాడు: "వదులుకుంట రావాలె, పట్టొద్దు." నీళ్లలో తల మునగగానే ముప్పై ఏళ్ల అలవాటు ఆయన నోరు మూసేది.

నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది. ఇది మా ఇంటిల్లిపాదికీ ఉన్న జబ్బు.

"మామా, ఇక మీరు దిగొద్దు. సిలిండర్ మీకు ఇవ్వను. నా చేతిలో మీ ప్రాణం పోతే నేను మోయలేను" అనేశాను, అందరి ముందూ.

ఆయన తడి తలని తువ్వాలుతో మెల్లగా తుడుచుకున్నాడు. "ముప్పై ఏండ్లు ఊపిరి పట్టే బతికిన బిడ్డా. ఇయ్యాల నువ్వొచ్చి పట్టద్దంటే ఎట్ల?" అన్నాడు. గొంతులో కోపం లేదు. అది ఇంకా కష్టంగా ఉంది. ఆ సాయంత్రం ఎవ్వరూ నాతో సరిగ్గా మాట్లాడలేదు. నాగేశు కూడా ఆటోలో పాటలు పెట్టలేదు.

నేరేడుచర్ల: బగారన్నం

మూడో రోజు ఆదివారం. మామ భార్య మరియమ్మ నన్ను భోజనానికి పిలిచింది. భర్తని అందరి ముందూ చిన్నబుచ్చిన మనిషిని ఇంటికి పిలిచి అన్నం పెట్టడం మాలాంటివాళ్ల వల్ల కాదు. మేమైతే ఆ పిల్ల మొహం చూడొద్దని వీధంతా చెప్పేవాళ్లం.

నేరేడుచర్లకు వెళ్లే దారంతా వడ్లు. రోడ్డు సగం ఆరబోతకే. బియ్యం మిల్లుల పొట్టు గాలిలో తేలుతోంది. షేర్ ఆటోలు మిగిలిన సగం రోడ్డు మీద వడ్లు తొక్కకుండా వంకర్లు తిరుగుతూ పోతున్నాయి. మా వైపు చేపలు ఎండబెడతారు, కాకులకి కాపలా కాస్తారు. ఇక్కడ కాపలా టైర్లకి.

ఇంటికి చేరేసరికి వాళ్లు చర్చి నుంచి అప్పుడే వచ్చారు. మామ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో వేరే మనిషిలా ఉన్నాడు. బగారన్నం, కోడికూర, పచ్చిపులుసు. మసాలా దినుసులు వేసి వండే ఆ అన్నం ఇక్కడ ఆదివారానికి తప్పనిసరి. పచ్చిపులుసు అంటే కాచకుండా చింతపండు పిండి, ఉల్లిపాయ, కారం కలిపింది. కాచని పులుసేమిటని అనుమానంగా ఒక చెంచా పోసుకున్నాను. తర్వాత గిన్నె నా పక్కనే పెట్టుకున్నాను.

తినేటప్పుడు మరియమ్మే అసలు విషయం ఎత్తింది.

"ఊపిరి వదల్తలేడని కోపం చేసినవంట కదా బిడ్డా."

"ఆయన మంచికే అత్తా."

"నాకు తెల్వదా? మంచి మాటే సెప్పినవ్. గని ఈ మనిషికి మాటతోని ఏదీ రాదు. సదువు రాదు గని చర్చిల పాటలన్నీ కంఠతా వచ్చు. పాట ఎత్తుకుంటే పాస్టరు గారు ఆపినా ఆగడు. నేనొకటి అడుగుతా. పాడుకుంట ఎవడన్నా ఊపిరి పట్టగల్గుతడా?"

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. డైవింగ్‌లో అత్యవసరంగా పైకి వచ్చేటప్పుడు గొంతులో "ఆ..." అని శబ్దం చెయ్యమని నేర్పుతాం. శబ్దం వస్తోందంటే గాలి పోతోందన్నమాట. పన్నెండేళ్లుగా నేర్పుతున్నదే. ఆయనకు మాత్రం చెప్పాలని తోచలేదు. నా తెలివి ఆ ముందురోజు కోపంలో కొట్టుకుపోయింది. ఆవిడ కాళ్లకు దండం పెట్టాలనిపించింది. ఎంగిలి చేత్తో ఎలా పెడతాను?

చెయ్యి కడిగి వెంటనే మామని ఇంటి వెనక నీళ్ల తొట్టి దగ్గర కూర్చోబెట్టాను. గొట్టం నోట్లో పెట్టుకుని, తల ముంచి, పళ్ల మధ్యనుంచి పాట రాగం తీయమన్నాను. మొదట సిగ్గుపడ్డాడు. చుట్టుపక్కల ఆడవాళ్లు పోగయ్యారు. తర్వాత తొట్టిలోంచి బుడగలతో కలిసి ఒక రాగం వచ్చింది. ఎడ్లకు జలుబు చేసినట్టుందని మరియమ్మ అంది. అయినా గాలి ఆగలేదు.

"ఇగ రేపు కాలువల దిగుతనా?" అన్నాడు తల పైకెత్తి, నీళ్లు కారుతున్న మీసంతో.

"లేదు మామా. తొట్టి వేరు, కాలువ వేరు. లోతులో, కంగారులో పాట గుర్తుంటుందో లేదో నాకు తెలియదు. రేపు మీరు తాడు పట్టండి. నెమ్మదిగా మళ్లీ బావిలో చూద్దాం."

ఆయన సరేనని తల ఊపాడు. మళ్లీ చూడ్డానికి నా దగ్గర రోజులు లేవని ఇద్దరికీ తెలుసు.

మాడుగులపల్లి దాటాక: కాలువ

సోమవారం పొద్దున మాడుగులపల్లి మీదుగా మిర్యాలగూడ పోయే దారిలో కాలువ వంతెన దగ్గరికి చేరాం. ఎడమ కాలువ నిండుగా ఉంది. పైకి చూస్తే చప్పుడు లేదు. ఒక ఎండుకొమ్మ పడేస్తే, కళ్లు మూసి తెరిచేలోగా వంతెన కిందనుంచి అవతలికి పోయింది. వంతెన పక్కగోడ రాతిది, నిలువుగా నీళ్లలోకి దిగింది. ఎవరైనా ఎగువన పడితే ఈ గోడ మూలకే కొట్టుకొస్తారట. అక్కడ ఎలా వెతకాలో ముందు నేను దిగి చూపించాలి, తర్వాత నాగేశు నాతో దిగాలి. నా నడుముకి తాడు కట్టి రెండో కొస మామ చేతికిచ్చాను. ఒకసారి లాగితే బాగున్నాను, రెండుసార్లయితే తాడు వదులు, మూడుసార్లయితే పైకి లాగండి.

దిగేముందు మామ అన్నాడు: "గోడకు దూరంగ ఉండు బిడ్డా. కాలువల గోడ సుట్టం కాదు."

నేను నవ్వాను. సముద్రంలో ఇలాంటి గోడల దగ్గర ప్రవాహం జోరుగా ఉన్నప్పుడు మేం చేసే పని గోడకు అంటుకుపోవడమే. రాళ్ల మలుపుల చాటున నీటి జోరు తగ్గుతుంది. అక్కడ ఆగి, ఊపిరి తీసుకుని, ముందుకు పోతాం. ఆ మాటే ఆయనకు చెప్పాను, కాస్త గొప్పగా కూడా చెప్పాను. ఇప్పుడు తలచుకుంటే చెవులు కాలతాయి.

నీళ్లు ఎర్రగా ఉన్నాయి. లోపల నా చెయ్యి నాకు కనబడలేదు. రెండు నిలువుల లోతు. గోడని తడుముకుంటూ దిగాను. నేను అనుకున్న చాటు ఎక్కడా లేదు. సముద్రం గోడని పక్కనుంచి రాసుకుంటూ పోతుంది. ఈ కాలువ తిన్నగా వచ్చి నన్ను గోడ మూలకేసి నొక్కింది. ఆ మూలలో ముళ్లకంప, పాత చీరలు, వాటి వెనక ఇనప చువ్వలు. వినాయక చవితి బొమ్మల లోపలి చట్రాలు. మట్టి కరిగిపోగా చువ్వలు మిగిలి, ఎగువనుంచి కొట్టుకొచ్చి అక్కడ పోగుపడ్డాయి. ఒక చువ్వ నా సిలిండర్ మెడకి వెనకనుంచి తగులుకుంది. చెయ్యి వెనక్కి పోనిస్తే అందలేదు. మూడుసార్లు తాడు లాగాను.

పైన వాళ్లు బలమంతా పెట్టి లాగారు. లాగినకొద్దీ చువ్వ మరింత బిగిసింది. తాడు చువ్వ చుట్టూ తిరిగిందని నాకు అర్థమైంది, వాళ్లకు ఎలా తెలుస్తుంది? సిలిండర్లో గాలి ఉంది, గంటకు సరిపడా ఉంది. కానీ ప్రవాహం అద్దాన్ని మొహం మీదినుంచి తొలగిస్తోంది, నోట్లో గొట్టాన్ని పీకుతోంది. నా దగ్గర నేర్చుకునేవాళ్లకి చెప్పే మాటే నాకు చెప్పుకున్నాను: పీల్చు, వదులు. భయపడ్డాను. నిజంగా భయపడ్డాను.

ఉన్నట్టుండి తాడు వదులైంది. పైన ఏం జరిగిందో తర్వాత నాగేశు చెప్పాడు. మామ తాడు మీద అరచెయ్యి పెట్టి, "మనిషి బరువు కాదిది, ఇనుముకు సుట్టుకుంది, వదలుండ్రి" అన్నాడట. చొక్కా విప్పి, వంతెనకు ఇరవై అడుగులు ఎగువకు ఉరికి, అక్కడ దూకాడట. ఎదురీదకుండా కాలువే తనని నా దగ్గరికి తెచ్చేలా.

నా భుజం మీద ఒక చెయ్యి పడింది. ఆ చెయ్యి నా తలని, మెడని, సిలిండర్‌ని వరసగా తడిమింది. కళ్లతో పనిలేని చెయ్యి అది. చువ్వని పట్టుకుంది. ఒక గుంజు, రెండు గుంజులు. రాలేదు. ఆ ఒంటికి దమ్ము అయిపోతోందని వేళ్ల వణుకులో తెలిసింది. ఆయన పైకి పోయి మళ్లీ వచ్చేలోపు ప్రవాహం ఆయన్ని అవతలికి తీసుకుపోతుంది. తోటివాళ్లకు గాలి అయిపోతే ఇవ్వడానికని నా పక్కన వేలాడే రెండో గొట్టం తీసి ఆయన నోటికి అందించాను. బావిలో నేర్పిన పాఠమే. అందుకున్నాడు, పీల్చాడు. బుడగల చప్పుడు వినబడింది. అప్పుడు తీరిగ్గా, రెండు చేతులతో చువ్వని వంచి నన్ను విడిపించాడు.

అసలు ప్రమాదం అప్పుడు మొదలైంది. దిగినప్పటి ఊపిరితోనే పైకి పోయి ఉంటే ఆయనకు ఏమీ అయ్యేది కాదు. ఇప్పుడు ఆయన ఛాతీలో ఉన్నది లోతులో పీల్చిన సిలిండర్ గాలి. ఇచ్చింది నేను. మాట లేదు, చూపు లేదు, ప్రవాహం ఇద్దర్నీ గోడ వెంట ఈడుస్తోంది. ఆయన ఛాతీ మీద అరచెయ్యి ఆనించాను. రాయిలా బిగిసి ఉంది. పట్టేశాడు. గట్టిగా చరిచాను. ఇంకోసారి చరిచాను. దేవుడా, ఈ ఒక్కసారి, అనుకున్నాను.

అరచేతి కింద ఛాతీ అదిరింది. సన్నగా, ఆగకుండా అదురుతూనే ఉంది. చెవి కన్నా ముందు నా చేతికి తెలిసింది, మామ పాడుతున్నాడు. ఆ రాగం ఏ పాటదో నాకు తెలియదు. ఆ రాగంతోనే ఇద్దరం పైకి తేలాం. వంతెన దాటి చాలా దూరం పోయాక, నాగేశూ మిగతావాళ్లూ ఒడ్డున అడ్డం పడి లాగారు.

గట్టు మీద పడుకుని మామ ఆకాశం కేసి చూస్తూ ఇంకా కూనిరాగం తీస్తున్నాడు. "ఇగ ఆపుండ్రి మామ, బయటికొచ్చినం" అని నాగేశు అంటే, అప్పుడు ఆపాడు.

మిర్యాలగూడ: రైలు వచ్చేలోపు

ఛాతీ నొప్పి లేదని ఆయన ఎంత చెప్పినా వినకుండా మిర్యాలగూడ దవాఖానకు తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాను. డాక్టరు కథంతా విని, ఎక్స్‌రే రెండుసార్లు చూసి, "తాతా, నీ ఊపిరితిత్తులు నా వాటికన్నా మంచిగున్నయ్" అన్నాడు. నా తల మీది గాటుకు మాత్రం రెండు కుట్లు పడ్డాయి. అప్పటిదాకా అక్కడ దెబ్బ తగిలిందనే నాకు తెలియదు.

సాయంత్రం రైలు. స్టేషన్లో మామ, మరియమ్మ, నాగేశు కూర్చున్నారు. మరియమ్మ నా సంచిలో వద్దన్నా పచ్చిపులుసు సీసా కుక్కుతోంది. నేను ఆయన ఎదుట నిలబడి, గోడ గురించి ఆయన మాట విననందుకు తప్పయిందన్నాను. బావి దగ్గర అందరి ముందూ అన్న మాటను అందరి ముందే వెనక్కి తీసుకుంటున్నానని, ఊళ్లవాళ్లు తెప్పించిన సిలిండర్ ఇక ఆయన వాడొచ్చని, పాడుతూనే పైకి రావాలని చెప్పాను. నా ప్రాణం నిలబెట్టినందుకు ఏం ఇచ్చినా తీరదని కూడా అన్నాను. నాకు ఏడుపు వచ్చింది.

మామకు నా ఏడుపు పట్టలేదు. ఆయన వేరే ఏదో ఆలోచనలో ఉన్నాడు.

"బిడ్డా, ఆడ ఆ గాలి పీల్చినంక నాకు ఫస్ట్‌టైం నిమ్మళమైంది. నీ నెత్తి ఏడుంది, చెయ్యి ఏడుంది, నొప్పి తగలకుంట ఎట్ల తియ్యాలె, అన్నీ సోయికొచ్చినయ్. గంత సమయం నాకు నీళ్లల ఎన్నడూ దొరకలె." కాసేపు చేతుల కేసి చూసుకున్నాడు. "ముప్పై ఏండ్ల సంది ఎవలను తీసినా ఎంటికలు పట్టుకొని గుంజుకొచ్చిన. దమ్ము ఉండది కద, ఏది దొరికితే అది పట్టుడే. పసిపిల్లలనైనా గంతే. వాళ్ల తల్లులు గట్టు మీద నిలవడి సూసేది. ఒక తల్లి నన్ను అడిగింది, నా కొడుకును గట్ల ఎట్ల గుంజినవ్ అయ్యా అని. నేనేం సెప్పాలె?"

మరియమ్మ సీసా మూత బిగించడం ఆపింది. ఈ మాట ఆవిడకు కూడా ఎప్పుడూ చెప్పలేదని ఆ మొహం చూస్తే తెలిసింది.

"ఇగ మీదట ఎత్తుకొని తెస్త" అన్నాడు మామ.

రైలు వచ్చింది. నాగేశు నా సిలిండర్ లోపల పెట్టి దిగిపోయాడు. కదిలే రైల్లోంచి వాళ్లకు రెండు చేతులూ జోడించాను.

ఇల్లు చేరి ఇది రాస్తున్న రోజుకి నాగేశు రెండుసార్లు ఫోను చేశాడు. మామ బావిలో రోజూ దిగుతున్నాడట. ఎవరూ కాలువలో పడలేదట. అతని ఫోను మోగినప్పుడల్లా ఆ మాటే వినాలని కోరుకుంటాను. ఏనాడైనా ఎవరైనా పడితే, గట్టు మీద నిలబడ్డ ఆ తల్లి ఒక ముసలాయన తన బిడ్డను రెండు చేతులా ఎత్తుకుని నీళ్లలోంచి నడిచి రావడం చూస్తుంది.